కోట శ్రీనివాసరావు గారి గురించి: ఒక్క కోడి దగ్గరే ఆగిపోకుండా మాట్లాడుకుందాం

రీలుబండి:
అందరికీ నమస్తే. కోట గారి మీద ఇక్కడ పెద్ద థ్రెడ్ ఒక్కటీ లేదు, అందుకే మొదలుపెడుతున్నా. 2025 జులై 13న పోయారు ఆయన, 83 ఏళ్లు నిండి అప్పటికి మూడు రోజులే అయింది. ఆ రోజు నుంచి ఎవరు తలుచుకున్నా అహ నా పెళ్లంటలో పిసినారి లక్ష్మీపతిగా కూర లేకుండా చూస్తూ తినడానికి వేలాడదీసిన అదే కోడి, అదే "నాకేంటి". అహ నా పెళ్లంట నాకూ ప్రాణమే, టీవీలో ఎన్నిసార్లు వేసినా మా ఇంట్లో పనులన్నీ ఆగిపోతాయి. కానీ 750కి పైగా సినిమాలు చేసిన మనిషిని తీసుకెళ్లి ఆ కోడి పక్కనే కట్టేస్తే ఎలా? నా ఉద్దేశంలో ఆయన ముందు విలన్, కామెడీ ఆ తర్వాతే. ప్రతిఘటనలో మినిస్టర్ కాశయ్య, గాయంలో గురునారాయణ, గణేష్‌లో సాంబశివుడు, ఈ మూడూ వరసగా చూసిన వాడికి ఇంకెవరి విలనీ చూసినా కాస్త చప్పగానే ఉంటుంది. మీరేమంటారు? ఊరికే లిస్టులు పెట్టకుండా ఎందుకో కూడా రాయండి ప్లీజ్.

పరిషత్తు పంతులు:
మంచి పని చేశావు బాబూ. విలనా కామెడీయా అని తేల్చే ముందు ఒక మాట, ఆయన నాటకాల మనిషి, మిగతావన్నీ దాని తర్వాతే. 1942లో కంకిపాడులో పుట్టారు, నాన్నగారు డాక్టరు, ఈయనా డాక్టరే అవుదామనుకుని చివరికి బీఎస్సీ చేసి స్టేట్ బ్యాంకులో ఉద్యోగంలో చేరారు. ఆ రోజుల్లో బ్యాంకుల్లో, ఏజీ ఆఫీసులో, రైల్వేలో ఎక్కడ చూసినా నాటకాల వాళ్లే, పొద్దున ఉద్యోగం సాయంత్రం రిహార్సల్, నాటక పరిషత్తు పోటీలంటే సెలవు పెట్టి రైలెక్కేయడం. స్టేజీ ముందు రెండో మూడో మైకులు వేలాడుతుండేవి, వాటికి దూరం జరిగితే మాట పోతుంది, ఎక్కడ నిలబడాలి ఎంత గొంతు తీయాలి, గుసగుస కూడా ఆఖరి బెంచీ దాకా ఎలా చేరాలి అన్నది అక్కడ అలవాటు కావాల్సిందే, లేకపోతే జనం లేచి వెళ్లిపోతారు. కోట గారు ఆ బడిలో ఏళ్లకేళ్లు నలిగారు. ప్రాణం ఖరీదు కూడా మొదట నాటకమే, అది చూసే సినిమాలోకి తీసుకున్నారు. 1978లో వచ్చింది, చిరంజీవి గారు తెర మీద మొదట కనపడిందీ అందులోనే. అప్పటికి కోట గారికి 36 ఏళ్లు! ఆ తర్వాత కూడా బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూనే ఉన్నారు, 1985లో ప్రతిఘటన వచ్చేదాకా ఆయనెవరో జనానికి సరిగా తెలీదు. అంటే 43 ఏళ్ల వయసులో పేరొచ్చింది. మామూలుగా ఆ వయసుకి ఎవరైనా ఇంక చాల్లే అనుకుంటారు.

కృష్ణలంక కిరణ్:
పంతులు గారూ బాగా చెప్పారండి. మా బెజవాడకి సంబంధించింది ఒకటి నేను కలుపుతా. 1987లో మండలాధీశుడు అని ఒక సినిమా వచ్చింది, అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీఆర్ గారి మీద సెటైరు. ఆయన్ని పోలిన పాత్ర వేసింది కోట గారే. ఆ సినిమా తర్వాత విజయవాడ రైల్వే స్టేషన్లో ఎన్టీఆర్ అభిమానులు గుర్తుపట్టి చుట్టుముట్టి కొట్టారని కోట గారే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పారు. కంకిపాడు ఇక్కడికి కూతవేటు దూరం, అంటే సొంత ఊరి స్టేషన్లో కొట్టించుకున్నట్టే లెక్క. ఇప్పట్లా సారీ వీడియో పెట్టేసి బయటపడే రోజులు కావు, నటుడిగా వచ్చిన పాత్ర చేసినందుకు వేషాలు పోయే పరిస్థితి, పైగా అప్పుడప్పుడే పేరొస్తున్న మనిషి. అయినా వేశారు చూడండి, అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఇంకో సంగతేంటంటే అదే విజయవాడ 1999లో తూర్పు నియోజకవర్గం నుంచి బీజేపీ ఎమ్మెల్యేగా ఆయన్ని గెలిపించింది, 2004 దాకా ఉన్నారు. ఆ అయిదేళ్లలో సినిమాలూ మానలేదు. పృథ్వీ నారాయణకి నంది వచ్చింది, సామితో తమిళంలోకి వెళ్లారు, అన్నీ ఆ టైములోనే.

ఓరుగల్లు పిల్ల:
అందరు మంచిగ రాస్తున్నరు గని ఒక్క ముచ్చట ఎవ్వరు అంటలేరు. రీలుబండి అన్న పెట్టిన మూడు పాత్రలు ఒక్కసారి మళ్ల చూడుర్రి. కాశయ్య, గురునారాయణ, సాంబశివుడు. మూడిట్ల ఏ భాష మాట్లాడిండు ఆయన? తెలంగాణ. గదే సిన్మాల హీరో ఏమో పుస్తకంల రాసినట్టు మాట్లాడ్తడు, హీరోయిన్ గంతే, లంచాలు తినేటోడు మర్డర్లు చేపిచ్చేటోడు వచ్చేసరికి మా అమ్మమ్మ మాట్లాడే మాట. నేను ఇంటర్ల కృష్ణా దిక్కు హాస్టల్ల ఉన్న, నోరు తెరిస్తె చాలు "కోట శ్రీనివాసరావు వచ్చింది" అని నవ్వెటోళ్లు పిల్లలు. ఏడ్సిన రోజులున్నయ్. నేను ఆయన తప్పు అంటలేను, ఆయన గొప్ప నటుడు, గండ్ల డౌటే లేదు. ఆయన అంత మంచిగ పలికిండు కాబట్టే అది గంత దూరం పోయింది, వేరెటోడు చెత్తగ చేసుంటె ఎవ్వరికి యాదికుండకపోవు. ఆయన నటన ఎంత నిజంగుంటె మాకు అంత గట్టిగ తాకింది. గీ మాట కూడ థ్రెడ్ల ఉండాలె కదా?

రీలుబండి:
ఉండాలి, తప్పకుండా ఉండాలి. రాసినందుకు థాంక్స్ అండి. ఆ పాత్రలు రాసింది, భాష నిర్ణయించింది ఆయన కాదు కదా అని అనబోయాను గానీ మీరు ఆయన తప్పు అనలేదని మీరే రాశారు, కాబట్టి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఒక్కటి మాత్రం చెప్తా, ఆయన ఒక్క యాసకే పరిమితం కాలేదు. అత్తారింటికి దారేదిలో సిద్దప్ప నాయుడు వేరు, బొమ్మరిల్లులో హాసిని నాన్న కనకారావు వేరు, శివలో మాచిరాజు మాట తీరే వేరు.

కరీంనగర్ కాకా:
చెల్లె నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఉద్యమంల తిరిగినోన్ని, మా మీటింగులల్ల సిన్మాలల్ల మన భాషను విలన్లకు జోకర్లకు పెడ్తున్నరని గంటలు గంటలు మాట్లాడినం. గని కోట సంగతి వచ్చేసరికి నాకు ఇంకో తీరుగ అనిపిస్తది, చెప్త ఇను. 1985కు ముందు తెర మీద తెలంగాణ మాట అంటే ఏముండె? నౌకరు, తాగుబోతు, పైల్వాన్. గిట్ల గట్ల అని రెండు ముక్కలు కలిపితె అయిపాయె, గదే తెలంగాణ అనుకునెటోళ్లు. కోట వచ్చి ఒక మంత్రిని నిలవెట్టిండు. నవ్వుకుంట మాట్లాడ్తడు, తమ్మీ అని పిలిచినట్టే ఉంటది, ఎనుకకెళ్లి పీక కోస్తడు. గసొంటి లీడర్లను మనం చూసినం గదా మన తాలూకాలల్ల? నేను చూసిన. అప్పట్ల మా ఊరి టాకీసుల ఆయన మనోడే అనుకున్నం అందరం. కృష్ణా జిల్లాల పుట్టిండని ఎవలో చెప్తె నమ్మలె మేము. హైదరాబాద్ల బ్యాంకుల పన్జేసిండు కదా, కౌంటర్ కాడికి వచ్చే జనం తోటి రోజు మాట్లాడి చెవిలకు ఎక్కించుకున్నడు కావచ్చు. మన మాటను ఇజ్జత్ తోటి, లెక్క ప్రకారం పలికిన మొదటి పెద్ద నటుడు నాకు తెలిసి ఆయనే. పాత్ర చెడ్డది, మాట మాత్రం ఆగం కాలె ఆయన నోట్ల.

గోదారి గట్టు:
నేను లక్ష్మీపతి తరఫున మాట్లాడతానండి, ఎవరూ ఏమీ అనుకోకండి. మీమ్స్ వచ్చినంత మాత్రాన ఆ పాత్ర తేలికైపోదు కదండీ. అసలు రామానాయుడు గారు ఆ వేషానికి రావు గోపాలరావు గారిని అనుకుంటే జంధ్యాల గారు కాదు కోటే కావాలని పట్టుబట్టారట, కోట గారే చెప్పారు. జంధ్యాల గారు ఏం చూశారో సినిమా చూస్తే తెలుస్తుంది. ఆ సినిమా మొత్తం మీద కోట గారు నవ్వించడానికి ప్రయత్నించిన చోటు ఒక్కటి చూపించండి నాకు. ఉండదు! కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ వట్టన్నం తింటున్నప్పుడు ఆ మొహంలో ఎంత తృప్తి ఉంటుందో గమనించండి, నిజంగా కోడికూర తిన్నవాడి మొహం అది. పక్కన అరగుండుగా బ్రహ్మానందం గారు అంత గోల చేస్తున్నా ఈయన ఒక్క అంగుళం బయటికి రారు. పిసినారితనాన్ని ఒక నిష్ఠలాగా చేశారు. ఇంక 17 ఏళ్ల తర్వాత 2004లో ఆ నలుగురులో కోటయ్య చూడండి, అక్కడా డబ్బు పిచ్చివాడే, అప్పులిచ్చే మనిషే, కానీ లక్ష్మీపతి ఛాయలు ఒక్కచోట కూడా రానివ్వలేదు. రాజేంద్రప్రసాద్ గారి రఘురాం మంచితనం మనకి అర్థమయ్యేది సగం ఈ కోటయ్య కళ్లలోంచే, చావు ముందు నిలబడి డబ్బు మనిషి మెల్లగా మెత్తబడతాడు చూడండి, అక్కడ డైలాగు కన్నా భుజాలే ఎక్కువ మాట్లాడతాయి. దానికీ నంది వచ్చింది. మొత్తం తొమ్మిది నందులండి ఆయనకి, విలన్‌గానూ వచ్చాయి, క్యారెక్టర్ ఆర్టిస్టుగానూ వచ్చాయి. కాబట్టి విలనా కామెడీయా అన్న ప్రశ్న నాకైతే నచ్చలేదండి, ఉన్నమాట చెప్పేస్తున్నాను.

డల్లాస్ శీను:
గోదారి గట్టు గారు, భుజాల గురించి రాసింది చదివి ఇప్పుడే ఆ సీన్ మళ్లీ చూశా, కరెక్ట్.

నాదొక ప్రశ్న, చాలా రోజులుగా ఉంది. కోట గారు చివరి ఇరవయ్యేళ్లలో ఎక్కడ మైకు దొరికినా ఒకటే బాధ చెప్పేవారు, బయట రాష్ట్రాల నుంచి విలన్లని తెచ్చుకుంటున్నారు, మన దగ్గర నటులు లేరా అని. ఆయన ఆవేశం నాకు అర్థమవుతుంది. కానీ ఆయనే 2003లో తమిళ సామిలో విక్రమ్ మీద పెరుమాళ్ పిచ్చైగా చేశారు, అక్కడ జనం ఇప్పటికీ ఆ పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు, నా తమిళ కొలీగ్స్ కోట అంటే తెలీదంటారు, పెరుమాళ్ పిచ్చై అంటే వెంటనే ఓ ఆయనా అంటారు. 2005లో హిందీ సర్కార్‌లో సెల్వర్ మణి. కన్నడం, మలయాళం కూడా చేశారు. మరి అక్కడి ఆర్టిస్టులు కూడా ఇదే మాట అనొచ్చు కదా? తప్పు పట్టడానికి అడగట్లేదు, నిజంగా తెలుసుకుందామనే.

పరిషత్తు పంతులు:
శీనూ, అడగాల్సిన ప్రశ్నే. నాకు అర్థమైంది నేను చెప్తాను. అసలు బయటివాళ్లు రాకూడదని అంటే అది నిలబడే వాదన కాదు, మన ఎస్వీ రంగారావు గారిని తమిళులు నెత్తిన పెట్టుకున్నారు. కానీ ఒక తరం మొత్తం తెలుగు విలన్ పాత్రలు భాష రాని వాళ్ల చేతికి వెళ్లిపోయాయి, మొహం ఒకరిది, గొంతు డబ్బింగ్ ఆర్టిస్టుది, షూటింగ్ అయ్యాక మైకు ముందు ఆ రెండూ అతికించడం. చెయ్యి తిరిగిన డబ్బింగ్ ఆర్టిస్టు ఉంటే అతుకు కనపడదు, ఒప్పుకుంటాను. అయినా పైన ఓరుగల్లు అమ్మాయి, కరీంనగర్ ఆయన ఇంతసేపు దేని గురించి వాదించుకున్నారు? మాట గురించే. కాశయ్య పాత్ర అతికించిన గొంతుతో చేస్తే ఈ వాదనే ఉండదు, ఎందుకంటే ఎవరికీ ఏమీ తగలదు. మాటలో ఊరు, కులం, చదువు, వయసు అన్నీ తెలిసేలా పలకడం కోట గారి అసలు పనితనం, దానికి గిరాకీ లేకుండా పోతుంటే ఆ మనిషికి కడుపు మండదా? పైగా నాటకాల నుంచి వచ్చే కుర్రాళ్లకి క్యారెక్టర్ వేషాలే కదా దారి. ఆ దారి మూసుకుపోతుంటే ఆయన స్థాయి మనిషి అనకపోతే ఎవరంటారు? కొన్నిసార్లు మాట దురుసుగా వచ్చేది, కాదనను. ఆయన చెప్పే విషయం మాత్రం సరైనదే.

ఓరుగల్లు పిల్ల:
కాకా, నీ పోస్టు మా బాపుకు చదివి వినిపించిన. ఆయన నీ పార్టీనే. గాయం చూసినప్పుడు గురునారాయణ మాట్లాడుతుంటె థియేటర్ల ఈలలు వేసినమని చెప్పిండు, నాకు ఇప్పటిదాంక ఎన్నడు చెప్పలె. సరే, సగం ఒప్పుకుంట. మాటను ఆగం చెయ్యలేదు అన్నది ఒప్పుకుంట.

మిగిలిన సగం చెప్త. 2017ల ఫిదాల హీరోయిన్ బాన్సువాడ పిల్ల, సిన్మా మొత్తం మా భాషల గలగల మాట్లాడ్తది. 2023ల బలగం మొత్తం ఊరికి ఊరే మా భాష. గవి చూసినప్పుడు ఎంత సంబురమైందో గంత బాధ కూడ అయింది, ఎందుకంటె గసొంటి పాత్రలు కోట ఉన్నప్పుడు, ఆయన ఒంట్ల బలం ఉన్నప్పుడు రాసినోళ్లు లేరు. ఆయనకు పిసినారి ఇచ్చిన్రు, మినిస్టర్ ఇచ్చిన్రు, ఎస్సై ఇచ్చిన్రు. తెలంగాణ ఊర్ల ఒక మంచి తండ్రి, బిడ్డ పెండ్లికి పొలం అమ్ముకునే తండ్రి, మా మాటనే మాట్లాడుకుంట, ఒక్క సిన్మా మొత్తం... ఎట్లుండు కాకా? ఆ గొంతు, ఆ కండ్లు ఉన్నయ్ కదా. వాడుకోలె. నా కోపం గది.

కరీంనగర్ కాకా:
గిప్పుడు నువ్వన్న దానికి నా కాడ జవాబు లేదు బిడ్డా. బాపుకు నా నమస్తే చెప్పు.

ఈసీఈ సెకండియర్:
హాయ్ అన్నలు అక్కలు, ఫస్ట్ టైమ్ పోస్ట్ చేస్తున్నా. నాకు కోట గారు అంటే గబ్బర్ సింగ్‌లో మందుబాబులం పాట, అది ఆయనే పాడారని కూడా ఈ మధ్యే తెలిసింది, ఇంకా అతడు, జులాయి, బొమ్మరిల్లు, అంతే. పాతవి ఏవీ చూడలేదు, ప్రతిఘటన పేరే వినలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? పాతవి స్లోగా ఉంటాయని కొంచెం భయం.

రీలుబండి:
భయపడకు తమ్ముడూ. గాయంతో మొదలుపెట్టు, 1993 సినిమా అయినా ఎక్కడా ఆగదు. తర్వాత ప్రతిఘటన. తర్వాత గణేష్, ఆ గెటప్‌లో ఆయన్ని మొదటి నిమిషం గుర్తుపట్టలేవు.

గోదారి గట్టు:
మధ్యలో మామగారు కూడా చూడు బాబూ, 1991ది. బాబూమోహన్ గారితో జంట. అక్కడ కుదిరాక ఆ పదేళ్లు వాళ్లిద్దరూ లేని సినిమా లేదన్నట్టు ఉండేది. ఆ జంట కామెడీలో కోట గారు ఎక్కువ భాగం ఎదుటివాడి చేత నవ్విస్తారు, ఆయన ఊరికే చూస్తూ ఉంటారు అంతే. అది చాలా కష్టమండి.

కృష్ణలంక కిరణ్:
ఆ నలుగురు అమ్మానాన్నలతో కలిసి చూడు. కోట గారి కొడుకు 2010లో రోడ్డు యాక్సిడెంట్లో పోయాడు, తండ్రీ కొడుకులు కలిసి నటించిన సినిమా అదే ఏడాది వచ్చింది, గాయం 2. ఆ దెబ్బ తర్వాత ఇంక చెయ్యరేమో అనుకున్నాం. చేశారు. 2015లో పద్మశ్రీ కూడా ఆ తర్వాతే వచ్చింది. నాకైతే 2010 తర్వాత ఆయన చేసిన పెద్ద వయసు పాత్రలు చూస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది.

పరిషత్తు పంతులు:
కిరణ్ చెప్పినవాటిలోదే ఒకటి నేను చెప్తాను, ఎవరూ రాయలేదు ఇందాకట్నుంచి. 2012లో కృష్ణం వందే జగద్గురుమ్. అందులో కోట గారు సురభి నాటక సమాజం నడిపే తాతగారు, రానా మనవడు. ఇరవయ్యేళ్ల పాటు స్టేజీ మీద చెమటోడ్చిన మనిషికి డెబ్భై ఏళ్ల వయసులో నాటకాలవాడి పాత్ర రావడం! సురభి వాళ్లు కుటుంబాలకి కుటుంబాలు తరతరాలుగా నాటకమే బతుకుగా ఉన్నవాళ్లు, ఆ మనిషి ఎలా నిలబడతాడో, నాటకం చచ్చిపోతోందంటే ఎలా మండిపడతాడో ఈయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మేకప్ సరిచూసుకునే పద్ధతి, వింగ్‌లో నిలబడి స్టేజీ వైపు చూసే చూపు, అవన్నీ నాటకాల వాళ్లకి వెంటనే తెలిసిపోతాయి. నాతో నాటకాలేసిన పెద్దాయన ఒకరు ఆ సినిమా చూసి, వీడు యాక్టింగ్ చెయ్యట్లేదయ్యా, ఇంటికెళ్లాడు అన్నారు. సెకండియర్ బాబూ, నీ లిస్టులో ఇది పెట్టుకో.

ఈసీఈ సెకండియర్:
గాయం, ప్రతిఘటన రెండూ అయిపోయాయి. అస్సలు స్లో లేదు, సారీ చెప్పాలి పాత సినిమాలకి. ప్రతిఘటనలో ఆయన వచ్చిన ప్రతిసారీ ముందు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకు నవ్వానా అని నా మీద నాకే కోపం వచ్చింది, విజయశాంతి గారికి జరిగేది చూశాక మరీ. మాది అనంతపురం, అందుకని ఓరుగల్లు అక్క చెప్పిన పాయింట్ చదవకుండా చూసుంటే నాకు ఆ యాస విషయం తట్టేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తుంటే మా సీమ యాసకి కూడా ఫ్యాక్షన్ పాత్రల్లో అదే జరిగింది కదా అనిపిస్తోంది. సిద్దప్ప నాయుడు మళ్లీ చూస్తా ఈసారి ఆ కోణంలో. నెక్స్ట్ కృష్ణం వందే.

ఓరుగల్లు పిల్ల:
కరెక్ట్ పట్టినవ్ తమ్మీ. మీ సీమ గురించి నువ్వే ఒక థ్రెడ్ పెట్టు, మేం వస్తం.

రీలుబండి:
పెట్టు తమ్ముడూ, లింకు ఇక్కడ కూడా వెయ్యి. అందరికీ ఒక రిక్వెస్ట్: కోట గారు తెలంగాణ మాటలో మంచి మనిషిగా, పెద్ద నిడివి ఉన్న పాత్ర ఏదైనా చేసుంటే సినిమా పేరు, ఏడాది రాయండి. నాటకాల్లో అయినా సరే, పంతులు గారూ మీ పాత మిత్రుల్ని కూడా ఒకసారి అడగండి. 750 సినిమాల్లో ఒక్కటైనా ఉండే ఉంటుంది, నేను ఎనభైల చివర సినిమాల నుంచి ఒక్కొక్కటీ వెతుకుతున్నా, దొరికిందల్లా ఇక్కడే పెడతా.